లేసు గుడ్డ కింద గోలీ

నవంబరు 12, మంగళవారం

కొత్త ఇల్లు, కొత్త పని, కొత్త పుస్తకం. పాత పుస్తకంలో ఇంకా పేజీలు ఉన్నాయి కానీ అది రాజమండ్రిది. దాన్ని అక్కడే వదిలేశాను.

ఈ ఊరు భీమవరానికి పది కిలోమీటర్లు. చుట్టూ చేపల చెరువులు, వాటి మధ్య ఇంకా చెరువులు కాని నాలుగు వరిచేలు. పేషెంటు హనుమంతరాజుగారు, డెబ్భై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళు చుట్టలు కాల్చారు. ఇప్పుడు ఊపిరి లోపలికి పోతుంది కానీ బయటికి రావడానికి మొరాయిస్తోంది. పోయిన నెలలో రెండుసార్లు హాస్పిటల్లో ఉండి వచ్చాక ఇంట్లోనే ఆక్సిజన్ మిషను పెట్టించారు. ఆయన భార్య రత్నమాణిక్యంగారు, కొడుకు శ్రీనివాసరాజుగారు ఉంటారు. కొడుకు పగలంతా చెరువుల దగ్గరే. కాబట్టి ఆయనా, ఆ మిషనూ ఇద్దరూ నా బాధ్యత.

నన్ను పంపేముందు భీమవరం హాస్పిటల్లో డాక్టర్ ఉదయభాస్కర్‌గారు అడిగారు, ఊపిరి పేషెంట్లని చూశారా అని. చూశానన్నాను. అబద్ధమేమీ కాదు, ట్రైనింగ్‌లో చూశాను. ఆ తరవాత ఇరవై రెండేళ్ళు కాన్పుల వార్డు. ఆ వార్డు మూసేశారు కాబట్టి ఇటు వచ్చాను. నర్సు ఎక్కడైనా నర్సే.

"ఆక్సిజన్ నిమిషానికి లీటరు దాటనివ్వకండి," అన్నారాయన. "వేలికి ఆక్సీమీటరు పెట్టి చూస్తే ఎనభై ఎనిమిదికి, తొంభై రెండుకి మధ్య ఉండాలి. అంతకన్నా పెరిగితే సంతోషపడకండి. ఇలాంటివాళ్ళకి ఆక్సిజన్ ఎక్కువైతే చెడ్డగాలి లోపలే పేరుకుపోయి మత్తులోకి వెళ్ళిపోతారు."

"తెలుసు సార్," అన్నాను. నాకు చెప్పాలా.

నవంబరు 13, బుధవారం

రాజుగారికి ఊపిరి తక్కువ, మర్యాద ఎక్కువ. పొద్దున్న దాహం వేసింది. "సిస్టరుగారండి," అన్నారు. ఆగారు. "కాస్త మంచినీళ్ళు," అన్నారు. మళ్ళీ ఆగారు. "ఇప్పిస్తారా అండి," అనేసరికి పెదాలు నల్లబడ్డాయి.

"నీళ్ళు అనండి చాలు, తెచ్చిస్తాను," అన్నాను.

"అలా ఎలా... అంటానండి... ఆడకూతురితో."

పాలు పోసే మనిషిని మీరు అంటారు. మనవడి వయసు కరెంటు పనివాణ్ణి మీరు అంటారు. పెరట్లో ఉన్న కుక్కనైనా నువ్వు అంటారో లేదో, ఇంకా వినలేదు.

ఊపిరి వదలడం నేర్పించాను. ముక్కుతో పీల్చి, వేడి పాలు ఊదినట్టు పెదాలు ముడిచి మెల్లగా వదలాలి. పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. బడిపిల్లాడిలా నా మొహమే చూస్తూ చేశారు. ఇలాంటి పేషెంటు దొరకడం నా అదృష్టం.

భోజనం దగ్గర మాత్రం అమ్మగారితో పేచీ. కడుపు నిండితే ఊపిరి అందదు కాబట్టి కొంచెం కొంచెం ఆరుసార్లు పెట్టమన్నాను. చిన్న గిన్నె చూసి ఆవిడ మొహం మాడ్చుకున్నారు.

"ఎవరైనా చూస్తే ఏమనుకుంటారండి?" అన్నారు. "ఈ ఇంట్లో పనివాళ్ళకి కూడా ఇంత చిన్న గిన్నెలో పెట్టం."

నవంబరు 14, గురువారం

రత్నమాణిక్యంగారు ఆక్సిజన్ మిషనుకి బట్టలు కుట్టించారు. వేళాకోళం కాదు. ఈ ఇంట్లో టీవీకి, ఫ్రిజ్‌కి, మిక్సీకి, చివరికి ఫోనుకి కూడా నరసాపురం లేసు తొడుగులున్నాయి.

"హాల్లో ఉండే వస్తువు కదండి," అన్నారు. "వచ్చేపోయేవాళ్ళు చూస్తారు. బోసిగా ఉంటే ఏం బాగుంటుంది?"

వెనకవైపు మూస్తే మిషను వేడెక్కిపోతుందని గట్టిగా చెప్పి అటు తెరిపించాను. ఆ మాత్రం పట్టుదల చూపించకపోతే ఎలా. ముందువైపు మాత్రం తెల్లటి లేసు కుచ్చులతో కింది దాకా వేలాడుతోంది. గాలి ఎంత వెళ్తోందో చూపించే గాజు గొట్టం, అందులో తేలే చిన్న గోలీ, పక్కన తిప్పే మర, అన్నీ దాని వెనక్కి వెళ్ళిపోయాయి. చూడాలంటే ఎత్తి చూసుకోవడమే. నిజం చెప్పాలంటే బాగుంది. చామంతి పువ్వుల డిజైను.

చార్టు గీశాను. రోజుకి ఐదుసార్లు నాడి, ఊపిరి లెక్క, వేలి రీడింగు, ఆక్సిజన్ ఎన్ని లీటర్లు. చివరి గడి ఎప్పుడూ ఒకటే కదా, దాన్ని పక్షం రోజులకీ ఒకేసారి నింపేశాను. కాన్పుల వార్డులోనూ ఇంతే. మారని గడులు ముందే నింపుకుంటే టైము మిగులుతుంది. కాగితాలతో కుస్తీపట్టే నర్సు పేషెంటునేం చూస్తుంది.

నవంబరు 16, శనివారం

ఈ రోజు తలంటు. స్నానానికి మాత్రం రెండు దాకా పెంచుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు కాబట్టి లేసు ఎత్తి రెండు చేశాను. పొడుగు గొట్టం బాత్‌రూము దాకా అందింది. స్టూలు మీద కూర్చోబెట్టి, మధ్య మధ్య ఊదిస్తూ ముప్పావుగంట పోశాను. తుడిచి, పౌడరు వేసి, ఇస్త్రీ పంచె కట్టి పడక కుర్చీలో కూర్చోబెట్టేసరికి నాకే ఆయాసం వచ్చింది.

"ఒళ్ళు తేలికైందండి," అన్నారు. వాక్యం మొత్తం ఒకే ఊపిరిలో.

నవంబరు 17, ఆదివారం

చూడ్డానికి వచ్చినవాళ్ళు పధ్నాలుగు మంది. బత్తాయిలు, యాపిల్సు, హార్లిక్సు సీసాలు. ప్రతివాళ్ళకీ ఆయన లేచి కూర్చుని "దయచేయండి" అనాల్సిందే, పిల్లల చదువులు అడగాల్సిందే. పక్కనే నిలబడి కళ్ళతో వారిస్తున్నాను. అమ్మగారు నన్ను లోపలికి పిలిచారు.

"చుట్టాలున్నంతసేపు మీరు పైకెళ్ళి నడుం వాల్చండమ్మా. పక్కన నర్సు నిలబడి ఉంటే మరీ ప్రమాదంగా ఉందేమోనని బెంగపడతారు."

పంపించేయడమే, కానీ ఎంత అందంగా పంపిస్తారో. పైకి పూతరేకులు కూడా వచ్చాయి. వీళ్ళ మర్యాదకి ఎదురు చెప్పడం నా వల్ల కాదు.

నవంబరు 18, సోమవారం

కార్తీక సోమవారం. అమ్మగారి తమ్ముడు వెంకటరాజుగారు ఇంటిల్లిపాదితో పట్టిసీమ వెళ్ళి, లాంచీ దిగి తిన్నగా ఇక్కడికే ప్రసాదం పట్టుకొచ్చారు. పెద్ద గొంతు. మేడమీద ఉన్నా వినిపిస్తోంది. నేను పైన భోంచేసి ఒక కునుకు తీసి నాలుగింటికి దిగాను.

వేలికి పెడితే తొంభై ఐదు! రెండుసార్లు చూశాను. తొంభై ఐదే. మొహంలో రంగు కూడా వచ్చింది. వెంకటరాజుగారు వెళ్తూ వెళ్తూ "బావగారి మొహం వెలిగిపోతోందండి సిస్టరుగారు, మీ చలవే," అన్నారు.

పెదాల వ్యాయామం పనిచేస్తోంది. వారానికే ఇంత ఫలితం వస్తుందనుకోలేదు. డాక్టరుగారు పెరిగితే సంతోషపడొద్దన్నది మిషనుతో పెంచినప్పుడు. ఇది కష్టపడి పెరిగింది. అమ్మయ్య, ఈ పని నాకు చేతకాదేమోనని లోపల్లోపల ఉండేది. ఇప్పుడు రాయొచ్చు.

నవంబరు 19, మంగళవారం

తొంభై ఏడు. మధ్యాహ్నం భోజనానికి లేపితే కానీ లేవలేదు. ఇన్నాళ్ళూ కూర్చునే కునికిపాట్లు పడిన మనిషి పడుకుని నిద్రపోతున్నారని అమ్మగారి ఆనందం అంతా ఇంతా కాదు.

సాయంత్రం మా హైమ ఫోను చేసింది. రాజమండ్రిలో నర్సింగ్ రెండో సంవత్సరం. గొప్పగా చెప్పాను.

"అమ్మా, వాళ్ళకి తొంభై రెండు దాటకూడదు కదా? మాకు మొన్నే క్లాసులో చెప్పారు."

"అది మిషనుతో పెంచితే. ఇది వ్యాయామంతో పెరిగింది."

"వ్యాయామంతో తొంభై ఏడా?"

"పుస్తకం చూస్తున్నదానివి నువ్వు, మనిషిని చూస్తున్నదాన్ని నేను. పెట్టేయ్."

పెట్టేసింది. అలా కసురుకోకుండా ఉండాల్సింది. రేపు ఒకసారి ఆ గోలీ చూడాలి. చూడాల్సిన పనేం లేదు, అయినా.

నవంబరు 20, బుధవారం

పగలంతా నిద్రే. లేపితే "తలనొప్పండి" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఎన్ని నెలల నిద్ర మిగిలిపోయిందో, పడుకోనిద్దాం. ఇల్లంతా చప్పుడు లేకుండా నడుస్తోంది.

నవంబరు 21, గురువారం

హాస్పిటల్. రాయలేను. గోలీ ఐదు దగ్గర ఉంది.

నవంబరు 22, శుక్రవారం

హాస్పిటల్ వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. వరసగా రాయాలి. వరస తప్పితే నాకు అనుకూలంగా రాసుకుంటాను. ఈ వారమంతా చేసింది అదే.

నిన్న పొద్దున్న ఆరున్నరకి మొహం కడిగిద్దామని లేపాను. లేవలేదు. భుజం పట్టి కుదిపాను. కళ్ళు సగం తెరిచి నన్ను కాక నా వెనక గోడని చూశారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే వేళ్ళు వాటంతటవే ఎగిరి పడుతున్నాయి. వేలికి పెట్టాను. తొంభై ఎనిమిది. అప్పుడు ఎత్తాను లేసు. గోలీ పైకెళ్ళి ఐదు గీత దగ్గర ఆడుతోంది.

ఒకటికి తగ్గించాను. లేసు దించాను. ఆ తరవాత కేకేశాను. ఈ వరసలోనే జరిగింది. ముందు తగ్గించాను, ముందు కప్పాను, ఆ తరవాతే కేకేశాను.

భీమవరం తీసుకొచ్చారు. మొహానికి బిగించి గాలి కొట్టే మాస్కు పెట్టారు. రక్తం పరీక్షలో చెడ్డగాలి ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది. ఉదయభాస్కర్‌గారు నా చార్టు తిరగేశారు.

"ఒక్క లీటరు మీదేనా ఇంత పెరిగింది?"

"చార్టులో అలాగే ఉంది సార్," అన్నాను.

చార్టులో అలాగే ఉంది. ఆ మాటలో అబద్ధం లేదు. నిన్నంతా దాన్ని పట్టుకునే ఉన్నాను.

మత్తులోనే ఆయన మాస్కు పీకేసుకుంటున్నారని చేతులు మెత్తటి గుడ్డతో మంచానికి కట్టారు. అమ్మగారు ఒక్కసారి చూసి బయటికి వచ్చేశారు, మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. ఈ పొద్దున్న పరీక్షలో తగ్గింది చాలా కొంచెం. డాక్టరుగారు శ్రీనివాసరాజుగారిని పిలిచి చెప్పారు. నేను పక్కనే ఉన్నాను.

"ఒక్క లీటరుకే ఇలా అయిందంటే ఊపిరితిత్తుల్లో ఇక శక్తి లేదని అర్థం అండి. మాస్కు ఇంకా పెట్టొచ్చు, గొట్టం వేయొచ్చు. కానీ ఆయన మళ్ళీ మామూలవుతారని నేను చెప్పలేను. మీరు ఆలోచించుకోండి."

శ్రీనివాసరాజుగారు గది కిటికీలోంచి తండ్రి చేతులకేసి చూశారు. "చేతులు కట్టేసి చూడలేమండి. ఇంటికి తీసుకెళ్ళిపోతాం," అన్నారు. పన్నెండింటికి అంబులెన్సు మాట్లాడారు. అమ్మగారు ఇంటికి ఫోను చేశారు. హాల్లో సోఫాలు తీసేసి చాపలు వెయ్యమన్నారు. పెళ్ళికి ఏర్పాట్లు చెప్పినట్టు చెప్పారు.

నేను ఈ బెంచీ మీదికి వచ్చి ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. శనివారం తలంటు. స్టూలు రాశాను, పౌడరు రాశాను, ఇస్త్రీ పంచె రాశాను. రెండు చేశానని రాశాను. మళ్ళీ ఒకటి చేశానని రాయలేదు. చేశానో లేదో గుర్తు లేదు. రెండు అనుకుని ఇంకా ఎక్కువ తిప్పానేమో, అదీ తెలియదు. తెలిసింది ఒక్కటే. ఆయన ఊపిరితిత్తుల పని అయిపోయి ఇలా కాలేదు. ఆ సంగతి ఈ హాస్పిటల్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. పన్నెండింటికి మాస్కు తీసేస్తారు.

అక్కడిదాకా రాసి, పుస్తకం మూసి, పదకొండున్నరకి డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను.

"సార్, ఆ ఒకటి నేను చూసి రాసింది కాదు. పక్షం రోజులకీ ముందే నింపేశాను. నిన్న పొద్దున్న లేసు ఎత్తితే ఐదు ఉంది. తగ్గించి, ఎవరికీ చెప్పలేదు."

ఆయన పెన్ను కింద పెట్టారు. "ఐదు మీద ఎన్ని రోజులు?"

"తెలియదు సార్. సోమవారం సాయంత్రం నుంచి తొంభై రెండు దాటింది. శనివారం స్నానానికి నేనే పెంచాను. తగ్గించినట్టు గుర్తు లేదు."

"నిన్న అడిగాను కదండి మిమ్మల్ని."

"అడిగారు సార్."

"ఊపిరి పేషెంట్లని చూశానన్నారు."

"ట్రైనింగ్‌లో. మిగతాదంతా కాన్పుల వార్డు."

ఆయన లేచి వరండాలోకి పరుగులాంటి నడకతో వెళ్ళారు. "శ్రీనివాసరాజుగారండి, అంబులెన్సు వద్దని చెప్పండి. నేను అనుకున్నది వేరు, జరిగింది వేరు. ఆక్సిజన్ ఎక్కువై వచ్చిన మత్తు ఇది. దిగుతుంది. ఇంకో రోజు మాస్కు ఉంచుదాం."

"ఎక్కువెలా అయిందండి?" అన్నారు శ్రీనివాసరాజుగారు.

నేనే చెప్పాను. డాక్టరుగారికి చెప్పినదంతా మళ్ళీ చెప్పాను. అమ్మగారు పక్కనే కూర్చుని వింటున్నారు. తల ఎత్తలేదు. శ్రీనివాసరాజుగారు నన్ను చూశారు, నేల చూశారు.

"మీరు పొద్దున్నుంచి కాఫీ అయినా తాగారా అండి?" అన్నారు.

చెంప మీద కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

నవంబరు 23, శనివారం

మత్తు దిగింది. దిగింది. దిగింది.

మూడింటికి మాస్కు పది నిమిషాలు తీశారు. కళ్ళు తెరిచి అందరినీ వరసగా చూశారు. నన్నూ చూశారు. పెదాలు తడిపాను.

"వెంకటరాజుగారు... భోంచేసే... వెళ్ళారా అండి?"

ఆయనకి ఇంకా సోమవారమే. చుట్టం అన్నం తినకుండా వెళ్ళిపోయాడేమోనని బెంగ. బాత్‌రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కరువుతీరా ఏడ్చాను. ఇరవై రెండేళ్ళలో ఎంతమంది పసివాళ్ళ తొలి ఏడుపు విన్నానో, ఎప్పుడూ ఇంత తేలిక పడలేదు.

హైమకి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. అది మధ్యలో అడ్డు రాకుండా వింది. తరవాత, "డాక్టరుగారికి నువ్వే చెప్పావా?" అంది. "నేనే," అన్నాను. "ఎంతసేపటికి?" అంది. ఒక రోజు అని చెప్పాను. "సరే అమ్మా," అంది. ఆ సరేలో ఏముందో నేను అడగలేదు.

నవంబరు 24, ఆదివారం

పొద్దున్న అమ్మగారు నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చారు. నేను తాగడం మొదలుపెట్టాక మాట్లాడారు.

"సూర్యకళగారు, మీరు తగ్గించడం మర్చిపోలేదండి. శనివారం స్నానం అయ్యాక మీరు వంగి లేసు ఎత్తి ఒకటి చేశారు. నేను చూశాను."

కప్పు పట్టుకుని ఆవిడ వైపు చూశాను.

"నేను తిప్పానండి. సోమవారం. మా వెంకటరాజు లేసు ఎత్తి చూసి, ఐదు దాకా ఉన్న మిషనుకి ఒకటే పెట్టారేంటి అక్కగారు అన్నాడు. అందరూ వింటున్నారు. తల తీసేసినట్టయిందండి నాకు. ఈ ఇంట్లో చారైనా రెండోసారి అడక్కుండా ఎవరికీ వడ్డించి ఎరగను. కట్టుకున్న మనిషికి గాలి ఒక్క గీత పోస్తామా? మూడు చేశాను. వాళ్ళు వెళ్ళాక తగ్గిద్దామనుకున్నానండి. ఈలోగా ఆయన నిద్రపోయారు. ఎంత హాయిగా నిద్రపోయారో. మూడుకే ఇంత సుఖంగా ఉంటే అని, మర్నాడు ఐదు చేశాను."

మొన్న నేను వరండాలో తప్పంతా నాదేనని చెప్పినప్పుడు పక్కనే ఉన్నారు. ఆ సంగతి కూడా ఆవిడే ఎత్తారు.

"నోటి దాకా వచ్చిందండి. మా అబ్బాయి ఉన్నాడు, డాక్టరుగారు ఉన్నారు. నోరు రాలేదు. రెండు రాత్రులు కళ్ళు మూతపడలేదు."

రాయడానికి సిగ్గేస్తోంది కానీ ముందు నాకు వచ్చింది సంతోషం. గుండె మీంచి బండ దిగినట్టయింది. కాఫీ తీపి అప్పుడు తెలిసింది. కాసేపటికి ఆవిడ చేతులు చూశాను. పమిట కొంగుని తాడులా పేని పేని పట్టుకున్నారు.

"తిప్పింది మీరే కావచ్చు," అన్నాను. "నాలుగు రోజులు లేసు ఎత్తకుండా ఒకటి, ఒకటి, ఒకటి అని ఉంచింది నేను. తొంభై ఏడు చూసి నా గొప్పే అనుకున్నది నేను. మీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నాకు చెప్పారు."

ఆవిడ కొంగు వదిలేసి లేచి కొడుకు దగ్గరికి వెళ్ళి చెప్పారు. దూరం నుంచి చూశాను. శ్రీనివాసరాజుగారు తల్లి భుజం మీద చెయ్యి వేశారు. ఆయన ఈసారి కూడా ఏమీ అనలేదు.

నవంబరు 27, బుధవారం

ఇంటికి వచ్చాం. లేసు గుడ్డ తీసేసి మడతపెట్టి బీరువాలో పెట్టారు అమ్మగారు. మిషను బోసిగా, నిజాయితీగా ఉంది.

శ్రీనివాసరాజుగారితో వేరే నర్సుని చూసుకోమన్నాను. "నాన్నగారు మీరే ఉండాలంటున్నారండి. మాకూ అదే మంచిదనిపిస్తోంది," అన్నారు. ఎందుకు మంచిదో చెప్పరు. తప్పు చేశావని అనరు. మూడు పూటలా వడ్డిస్తారు, "మీరు చిక్కిపోయారండి" అంటారు. ఒక్కరైనా నా మొహం మీద ఒక్క మాట అంటే బాగుండు. క్షమించారో, మర్యాదకి ఊరుకున్నారో తెలియక అన్నం సయించడం లేదు.

చార్టు కొత్తది గీశాను. ప్రతి గడీ ఖాళీ.

నవంబరు 29, శుక్రవారం

ఇది రాసి తీరాలి.

సాయంత్రం నాలుగింటికి ముగ్గురమే ఉన్నాం. రాజుగారు పడక కుర్చీలో, అమ్మగారు ఎదురుగా బత్తాయి వలుస్తూ. నేను మిషను దగ్గర కూర్చుని ఇద్దరికీ మళ్ళీ చెప్పాను. గోలీ ఇక్కడే ఉండాలి, ఎవరేమన్నా మర ముట్టుకోకూడదు, పుణ్యానికైనా సరే, మర్యాదకైనా సరే. అమ్మగారు బుద్ధిగా తల ఊపారు.

రాజుగారు పెదాలు ముడిచి ఊది, "నేను చూశానండి," అన్నారు.

"ఏం చూశారు?"

"ఆవిడ... తిప్పడం. సోమవారం. మర్నాడు కూడా."

బత్తాయి తొన అమ్మగారి చేతిలోనే ఆగిపోయింది.

"మగతగా ఉంది... తల పగిలిపోతోంది. దానివల్లే అని... తెలుస్తూనే ఉందండి. డాక్టరుగారు... నాకూ చెప్పారు కదా. కానీ వాళ్ళ తమ్ముడి ముందు... పిల్లల ముందు... వద్దంటే... ఆవిడ చిన్నబోతారని."

"మర్నాడు ఎవరూ లేరు కదండి," అన్నాను.

"అంత మురిసిపోతున్నారు కదండి... నేను నిద్రపోతున్నానని."

అమ్మగారు లేచారు. ఒళ్ళో ఉన్న బత్తాయి తొక్కలన్నీ నేల మీద పడ్డాయి.

"నేను చిన్నబోతానని మీరు చచ్చిపోతారా అండి?" అన్నారు. మొదట మెల్లగానే అన్నారు. ఆ తరవాత గొంతు లేచింది. "నలభై తొమ్మిదేళ్ళు కాపురం చేశానండి మీతో. ఉప్పెక్కువైతే చెప్పలేదు, చీర బాగోకపోతే చెప్పలేదు, సరే, మర్యాదస్తులు అనుకున్నాను. చచ్చిపోతుంటే కూడా చెప్పరా అండి? హాల్లో చాపలు వేయించాను నేను. మీకోసం. ఇదిగో ఇక్కడ, ఈ గచ్చు మీద. ఆ ఫోను నా చేతుల్తో చేశాను. అప్పుడు నేను చిన్నబోలేదా అండి?"

పక్క వాకిట్లో ఎవరో ఆగి చూశారు. పెరటి వైపు నుంచి శ్రీనివాసరాజుగారు తడి కాళ్ళతో పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. తల్లి గొంతు ఆ ఎత్తులో ఎప్పుడూ విని ఉండరు. రాజుగారు తల వంచుకుని, పెదాలు ముడిచి, మెల్లగా ఊదుకుంటున్నారు. కళ్ళలో నీళ్ళు, పెదాల చివర నవ్వు. ఆయన వేలికి పెట్టి చూశాను. తొంభై. ఇంకా తిట్టించుకోవచ్చు.

ఆవిడ కొడుకు వైపు తిరిగారు. "నువ్వూ అంతే. తండ్రీ కొడుకులు ఇద్దరూ ఒకటే అచ్చు. తిప్పింది నేనని చెప్తే నన్ను ఒక్క మాట అనవేం రా? అంటే అరిగిపోతావా?"

తరవాత నా వంతు వచ్చింది.

"మీరు మాత్రం తక్కువ తిన్నారా అండి సూర్యకళగారు? నాకంటే తెలియదు, మీకు తెలుసు కదా. లేసు ఎత్తి చూడ్డానికి ఎంతసేపు పడుతుందండి? చూడకుండా రాయడమేంటి? పక్షం రోజులకి ఒకేసారి రాసేస్తారా, అదేమన్నా ఇంపోజిషనా? మీరు ఆ ఒక్క రోజు నోరు మూసుకుని కూర్చోబట్టి ఆయన చేతులు కట్టించాను నేను. కట్టిన గుర్తులు ఇంకా పోలేదు, చూడండి. ఇంకోసారి ఇలా చేశారంటే మీ చార్టు పొయ్యిలో పెట్టి మిమ్మల్ని బస్సెక్కిస్తాను, ఏమనుకున్నారో."

చేతులు కట్టుకుని నిలబడి మొత్తం విన్నాను. ఒక్క మాటకీ అడ్డు చెప్పలేదు. ఆవిడ ఆయాసపడి కూర్చుంటే ఇంకా ఏమైనా అంటారేమోనని ఇంకాసేపు నిలబడ్డాను.

ప్రాణం లేచొచ్చింది.